రెండు పొయ్యిల ఇల్లు

మా స్టోక్‌మార్లీలో ఆ రోజుల్లో ఓటు మనిషిది కాదు, కుండది. నవ్వకండి. సొంత పొయ్యి మీద, సొంత కుండలో, తన కూడు తాను వండుకు తినే ప్రతి మగవాడికీ పార్లమెంటుకి మనిషిని పంపే హక్కు ఉండేది. ఇంకొకరి కుండలోది తినేవాడికి లేదు. చర్చివాళ్ళు పెట్టే ధర్మపు రొట్టె తీసుకున్నవాడికీ లేదు. అందుకని ఎన్నికలు వస్తున్నాయంటే చాలు, ఓటున్న ప్రతివాడూ తన ఇనప కుండ గుమ్మం ముందుకి మోసుకొచ్చి, వీధిలో మంటవేసి, పదిమందీ చూస్తుండగా ఉడికించుకు తినేవాడు. పదిహేడు వందల ముప్ఫై నాలుగు వసంతంలో మూడు వందల కుండలు ఒక్కసారి మరిగాయి. ఆ పొగకి కాకులు ఎగరలేక వీధిలో నడిచి వెళ్ళాయి. ఒక కాకి ఆగి నన్ను దారి కూడా అడిగింది. సరే, కాకి సంగతి మీరు నమ్మకపోయినా ఫర్వాలేదు. మిగతాది నమ్మండి.

నాకప్పుడు పాతికేళ్ళు. పేరు ఏమోస్. ఇంట్లో మగ్గం పెట్టుకుని ఉన్నిబట్ట నేసేవాణ్ణి. భయపడటంలో మాత్రం డెవన్ జిల్లా మొత్తంలో నాకు సాటివాడు లేడు. పెద్దబాతులు ఎదురొస్తే వీధి మార్చేవాణ్ణి. మేమున్న ఇల్లు సర్ బెవిల్ దొరది. ఆ వీధి వీధంతా ఆయనదే. ఇంటి ముందుభాగంలో నేనూ నా భార్య తామ్సినూ ఉండేవాళ్ళం. వెనకభాగంలో మా మావ గిడియన్.

మా పెళ్ళైన మర్నాడే మావ ఇంటి మధ్య తలుపు ఊడబెరికి, అక్కడ ఇటుకలు పేర్చి గోడ కట్టేశాడు. పక్కసందులోకి కొత్త తలుపు పెట్టాడు. తన చేత్తోనే పొగగొట్టం కట్టాడు. అది మా వీధిలోకల్లా వంకర పొగగొట్టం. పొగ కూడా అందులోంచి కుంటుతూ వచ్చేది.

"నాన్నా, నేను వండి పెడతాను కదా, నీకెందుకీ అవస్థ?" అని తామ్సిన్ ఏడ్చింది.

"నీ కుండలోది తిన్ననాడు నేను అల్లుడి పంచన పడ్డ ముసలాణ్ణవుతానమ్మా. ఓటు పోతుంది. నా ఓటుంటే నేను గిడియన్ని. లేకపోతే ఎవర్ని?"

అలా ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు. మా మావ వంట గురించి ఎక్కువ చెప్పను. ఆయన నీళ్ళు కాస్తే అవి కూడా అడుగంటేవి. గోడకి ఇవతల నా భార్య కూర ఉడుకుతుంటే ఆ ఇటుకల సందుల్లోంచి వాసన అటు వెళ్ళేది. అవతల ఆయన గట్టిగా దగ్గేవాడు. దగ్గు కాదది, వాసన లోపలికి వెళ్ళకుండా అడ్డం.

ఆ జనవరిలో ఆయనకి జ్వరం వచ్చింది. మంచు మోకాలిలోతు పడింది. తామ్సిన్‌కి అప్పటికి మూడో నెల. మా గుమ్మం దిగి, సందు తిరిగి, ఆయన గుమ్మం ఎక్కడం రోజుకి పదిసార్లు ఆమె వల్ల కాలేదు. మా పొయ్యి చల్లార్చేసి, బార్లీ సంచీ, వేలాడేసిన పందిమాంసం తొడా చంకన పెట్టుకుని అటే వెళ్ళిపోయింది. నేనూ వెనకే పోయాను. మా పొయ్యిలో పిల్లి కాపరం పెట్టింది. పదకొండు రోజులు ఆమె జావ కాచి, చెంచాతో మావ నోట్లో పోసింది. ఆయన కళ్ళు మూసుకుని మింగాడు. జ్వరం దిగాక ఎవరమూ ఆ మాట ఎత్తలేదు. తిన్నది కూతురి చేతి కూడు అని తెలిస్తే మళ్ళీ జ్వరం వస్తుందని మా భయం.

మార్చి వచ్చింది. లండన్ నుంచి వార్తల కాగితం వస్తే మంగలి షాపులో చదివేవారు. మంగలి పేరు హెర్కులీస్. మనిషి మాత్రం దువ్వెనంత ఉండేవాడు. ఆ వారం కాగితంలో పెద్ద వార్త. పార్లమెంటు ఏడేళ్ళకోసారి కాకుండా మళ్ళీ పాతరోజుల్లోలా మూడేళ్ళకోసారి ఎన్నిక కావాలని కొందరు తీర్మానం పెట్టారు. అది ఓడిపోయింది.

మా మావ మొహంమీద సగం నురగతో లేచి నిలబడ్డాడు. "చూశార్రా! మూడేళ్ళకని మనం పంపినవాళ్ళు వాళ్ళకి వాళ్ళే ఏడేళ్ళు రాసిచ్చుకున్నారు. ఇప్పటికి పద్దెనిమిదేళ్ళయింది, దిగమంటే దిగరు. నీ పనివాడు మూడో ఏట నీ దగ్గరకొచ్చి, 'అయ్యా, నేనింకో నాలుగేళ్ళుంటాను, నన్ను నేనే అడిగి ఒప్పించుకున్నాను' అంటే నువ్వేం చేస్తావు హెర్కులీసూ?"

"ముందు కూర్చో పెద్దాయనా, కత్తి చెవి పక్కనుంది," అన్నాడు మంగలి. "నన్నడిగితే ఏడేళ్ళే మేలు. కిందటి ఎన్నికల్లో నావి రెండు కిటికీలు, మూడు పళ్ళు పోయాయి. మూడేళ్ళకోసారి పెడితే నా నోట్లో పళ్ళు చాలవు."

"నీకు పళ్ళెక్కువా, స్వాతంత్ర్యం ఎక్కువా?"

"మాంసం తినేటప్పుడు పళ్ళే."

షాపంతా ఘొల్లుమంది. మావ ఒక్కడే నవ్వలేదు. "పనిమనిషిని ఏటేటా సంతలో చూసి కుదుర్చుకుంటాం. గుర్రాన్ని కొనేముందు నోరు తెరిచి చూస్తాం. మన నెత్తిన పన్ను వేసేవాణ్ణి మాత్రం ఏడేళ్ళదాకా చూడక్కర్లేదా?" అని నావైపు తిరిగాడు. "నువ్వు చెప్పు అల్లుడూ. మూడా, ఏడా?"

అందరూ నన్నే చూశారు. వాళ్ళలో ఏడేళ్ళు కావాలనే సర్ బెవిల్ మనుషులూ ఉన్నారు, వద్దనే బట్టల వర్తకుడు హోల్వే మనుషులూ ఉన్నారు. "అయిదు పెడితే ఎవరికీ బాధ ఉండదు కదా?" అన్నాను. ఈసారి మావ కూడా నవ్వాడు. ఆ నవ్వు నాకు రుచించలేదు.

ఏడేళ్ళ గడువు ఎలాగూ తీరింది. మేలో ఎన్నికలన్నారు. సర్ బెవిల్ తన తమ్ముడి కొడుకుని నిలబెట్టాడు, ఏడేళ్ళ పక్షాన. హోల్వే తనే మూడేళ్ళ పక్షాన నిలబడ్డాడు. "మూడేళ్ళకోసారి మీ గుమ్మం ముందు టోపీ తీసి నిలబడతాను" అని సంతలో బల్లెక్కి ప్రమాణం చేశాడు. మా మావ ఆ రోజు ఏడ్చాడు.

ఏప్రిల్లో ఒక ఉదయం లస్కూమ్ వచ్చాడు. సర్ బెవిల్ దివాను ఆయన. మెత్తటి మనిషి. చేతికి తొడుగులు తీయకుండానే నా మగ్గం మీది బట్ట పట్టి చూశాడు.

"నేత బాగుంది ఏమోస్. ఈ ఇంట్లో రెండు పొయ్యిలున్నాయి కదూ?"

"ఉన్నాయండి."

"అంటే రెండు ఓట్లు. ఒకటి మన దొరగారిది. అది నీది, నాకు తెలుసు. రెండోది హోల్వేది. ఒకదాన్నొకటి తినేస్తే దొరగారి ఇంట్లోంచి దొరగారికి మిగిలిందేమిటి?"

"మా మావ నా మాట వినడండి. దేవుడి మాట కూడా ఆలోచించి వింటాడు."

"వినక్కర్లేదు." లస్కూమ్ కిటికీలోంచి ఎదురిల్లు చూపించాడు. "జనవరిలో మీ ఆవిడ బార్లీ సంచీ, మాంసం పట్టుకుని ముసలాయన ఇంట్లోకి వెళ్ళడం ఆ ఇంటావిడ చూసింది. పదకొండు రోజులు పోషించారట. అంటే ఆయన ఇంకొకరి కూడు తిన్నవాడేగా? పోలింగు రోజు మా ప్లీడరు నిన్ను పిలుస్తాడు. బైబిలు మీద చెయ్యేసి ఉన్నది ఉన్నట్టు చెప్పు. నీ చేత అబద్ధం ఆడించడం లేదు నాయనా. నిజం చెప్పడానికి భయమెందుకు?"

"ఒకవేళ నాకు మాట పెగలకపోతేనండి?"

"జూన్ నెలాఖరులో సెయింట్ జాన్ పండగనాటికి ఈ ఇంటికి సున్నం వేయించాలనుకుంటున్నాం. ఖాళీ ఇంటికైతే సున్నం బాగా పడుతుంది." మూలన నేను చెక్కుతున్న ఊయలతొట్టె మీద ఆయన చూపు ఆగింది. "ముచ్చటగా ఉంది. ఎప్పుడు?"

"జూలైలోనండి."

"జూలైలో రోడ్లమీద దుమ్ము ఎక్కువ," అని నవ్వి, తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్ళాడు.

ఆ తరవాత మూడు వారాలు నేనెలా బతికానో చెబితే మీరు కాకి కథే నయమంటారు. చేతులు ఎంత వణికాయంటే మగ్గం మీద నాడె దానంతటదే నూలు పట్టుకుని అటూ ఇటూ పరిగెత్తింది. ఆ నెల నేసిన బట్ట ఎంత బిర్రుగా వచ్చిందంటే, దాంతో కోటు కుట్టించుకున్నవాడు ఏట్లో పడి, తడవకుండా బయటికొచ్చాడు. గోడకి అవతల మావ దగ్గితే ఇవతల నా గుండె ఆగేది. నిజం చెబితే ఆయన పోతాడు. చెప్పకపోతే ఇల్లు పోతుంది. బైబిలు మీద చెయ్యేసి అబద్ధమాడితే నేనే పోతాను. ఎటు తిరిగినా ఎవరో ఒకరు పోవడమే.

"ఏమయ్యా, పొయ్యికేసి చూసి వణుకుతావేం? కరుస్తుందా అది?" అంది తామ్సిన్ ఒక మధ్యాహ్నం, పిండి పిసుకుతూ.

చెప్పేశాను. ఆమె చేతులు పిండిలో ఆగిపోయాయి.

"నాన్నకి తెలియదు," అంది చివరికి. "తెలిస్తే కక్కుకుంటాడు. జనవరిదైనా సరే, కక్కుకుంటాడు."

"ఓటు పోతే?"

"అమ్మ పోయిననాడు కూడా నిటారుగా నిలబడ్డాడు మా నాన్న. ఓటు పోతే నిలబడడు."

"మరి ఇల్లు పోతే?"

ఆమె పిండిచెయ్యి కడుపు మీద పెట్టుకుంది. గౌను మీద తెల్లగా అయిదువేళ్ళూ పడ్డాయి. "నన్నడక్కు. అడిగితే ఇల్లే అంటాను. నాచేత ఆ మాట అనిపించకు."

కుండల రోజు వచ్చింది. మా గుమ్మం ముందు మా కుండ, సందు మొదట్లో మావ కుండ. ఇరుపక్షాల ప్లీడర్లూ కాగితాలు పట్టుకుని వీధి వెంట నడుస్తూ లెక్క రాసుకున్నారు. తామ్సిన్ మాంసం ముక్కలు వేసి పులుసు పెట్టింది. మావ కుండలో ఏముందో ఆయనకీ తెలియదు. గాలి మా పొగని అటు తోసింది.

"ఆ వాసన ఇటు రానివ్వకు తల్లీ! ప్లీడర్లు చూస్తున్నారు!" అని అరిచాడు. వీధంతా నవ్వింది. ఆయన మాడిన అంబలి గరిటెడు తీసుకుని, నిలబడి, రాజుగారి విందులోలా తిన్నాడు. ఆయన మెడమీద నరాలు ముద్దముద్దకీ లేవడం నేను చూశాను. గరిటె పట్టిన చెయ్యి సన్నబడింది. ఈ చేతిలోంచి నేను ఓటు లాక్కోవాలి అనుకున్నాను.

పోలింగు సంతచావడిలో. ఒక్కొక్కడూ బల్ల ముందుకొచ్చి, అందరూ వినేలా తను ఎవరివైపో పేరు చెప్పాలి. గుమాస్తా రాసుకుంటాడు. ఎన్నిక జరిపించేవాడు మా ఊరిపెద్ద. ఒక చెవి వినపడదు, రెండోది తనకి కావలసిందే వింటుంది. బల్లకి కుడిపక్క లస్కూమ్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

మావ పెళ్ళికోటు తొడుక్కొచ్చాడు. అది ఆయనకి రెండు కొలతలు పెద్దదైంది. బల్ల ముందు నిలబడి, "హోల్వే!" అన్నాడు. ఆ కేకకి పైకప్పు మీది పావురాలు లేచాయి. ఇది నిజంగానే.

దొరగారి ప్లీడరు లేచాడు. "అభ్యంతరం. ఈయన అల్లుడి పోషణలో ఉన్నాడు. అల్లుడే సాక్షి."

నన్ను పిలిచారు. జనం మధ్య దారి తెరుచుకుంది. బైబిలు అట్ట చల్లగా ఉంది. నా అరచేతి చెమటకి తడిసి జారింది.

"జనవరిలో పదకొండు రోజులు నీ మావ తిన్న బార్లీ ఎవరిది?"

"మాదండి."

ప్లీడరు కాగితం మీద ఒక గీత పెట్టాడు.

"మాంసం?"

"అదీ మాదే."

"వండి, నోట్లో పెట్టింది?"

"నా భార్యండి."

మావ నావైపు చూడలేదు. తన బూట్లకేసి చూసుకున్నాడు. భుజాలమీంచి కోటు ఇంకా జారినట్టనిపించింది. ప్లీడరు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. లస్కూమ్ నావైపు చూసి తలూపాడు, మంచి కుక్కకి ఊపినట్టు.

నేను దిగిపోవాలి. కాళ్ళు కదల్లేదు. అందరూ నేనింకేదో చెబుతానని ఆగినట్టున్నారు. నిజానికి భయానికి బిగుసుకుపోయానంతే. అలా నిలబడ్డవాడికి ఎందుకో మా పొయ్యిలో నిద్రపోయిన పిల్లి గుర్తొచ్చింది.

"ఏమిట్రా, ఇంకేమైనా ఉందా?" అన్నాడు ఊరిపెద్ద.

"కుండ ఆయనదండి," అన్నాను.

"గట్టిగా చెప్పు!"

"కుండ ఆయనదండి. పొయ్యి కూడా ఆయనదే. ఆ పదకొండు రోజులూ మా పొయ్యి వెలగలేదు, పిల్లి పడుకుంది అందులో. మేమే వెళ్ళి ఆయన కుండలోది తిన్నాం. నేనూ తిన్నాను. రెండేసిసార్లు పెట్టించుకున్నాను."

"బార్లీ మీదే కదయ్యా!" అని అరిచాడు ప్లీడరు.

ఊరిపెద్ద చేత్తో ఆపాడు. "కుండ ఎవరిది, పొయ్యి ఎవరిది అనే మా తాతల నాటినుంచి అడుగుతున్నాం. బార్లీ ఎవరిది అని మొదలుపెడితే ఈ ఊళ్ళో సగం బార్లీ హోల్వే గారిది, మిగతా సగం సర్ బెవిల్ గారిది. ఓటరు ఒక్కడూ మిగలడు. గిడియన్ ఓటు రాసుకోండి."

చావడి కప్పు లేచిపోయేలా నవ్వారు. ఆ నవ్వులోనే హోల్వే ప్లీడరు లేచాడు. "సంతోషం. అయితే ఈ ఏమోస్ ఇంకొకరి కుండలోది తిన్నట్టు తన నోటితోనే ఒప్పుకున్నాడు. వీడి ఓటు కొట్టేయండి." కొట్టేశారు. ఆ వసంతం మొత్తంలో నాకు భయం వెయ్యనిది అప్పుడొక్కసారే. ఇక నన్ను ఎవరూ ఏ పేరూ అడగరు.

లస్కూమ్ చేతితొడుగు వేళ్ళు ఒక్కొక్కటీ సరిచేసుకున్నాడు.

హోల్వే నాలుగు ఓట్లతో గెలిచాడు. మూడేళ్ళకోసారి టోపీ తీసి నిలబడతానన్న పెద్దమనిషి మళ్ళీ మా ఊరి మొహం చూసింది ఏడేళ్ళకి. లండన్ నీళ్ళు పడ్డాయట. ఇప్పుడు నాకు డెబ్బై అయిదు, ఇప్పటికీ ఏడేళ్ళే నడుస్తోంది. నేను మాత్రం ఆ ఏటినుంచి మూడేళ్ళ పక్షం. భయాన్ని ఏడేళ్ళు కట్టేసి మేపితే ఎద్దంత అయి ఒక్కసారి మీద పడుతుంది. మూడేళ్ళకోసారి వస్తే దూడలాగే ఉంటుంది, చెవి పట్టుకుని పక్కకి తోయొచ్చు. ఈ మాట పార్లమెంటులో ఎవరూ అన్నట్టు లేదు.

సెయింట్ జాన్ పండగనాడు మా సామాను బండికెక్కింది. మగ్గం, తొట్టె, దాని పక్కనే పిల్లి. గుమ్మంలో సున్నం బక్కెట్లు సిద్ధంగా పెట్టారు. ఊరి హద్దు దాటాక గుట్టమీద ఒక గొర్రెల కాపరి వదిలేసిన గుడిసె దొరికింది మాకు. ఒకటే గది, ఒకటే పొయ్యి.

మావకి ఊరు వదలాల్సిన ఇబ్బంది లేదు. హోల్వే మనుషులు ఆయనకి ఊళ్ళోనే, రొట్టెలషాపు మేడమీద గది చూశారు. సొంత తలుపు, సొంత పొయ్యి. ఆయన తన కుండ వీపున కట్టుకుని మమ్మల్ని సాగనంపడానికి హద్దురాయి దాకా వచ్చాడు. ఆ రాయికి ఇవతల ఓటుంది, అవతల లేదు. తామ్సిన్ బండి దిగలేకపోయింది. దుమ్ము లేస్తోంది. కడుపు పట్టుకుని కూర్చుని, "ఇక వెళ్ళు నాన్నా, ఎండ," అంది. ఆయన రాయిమీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

నేను గుర్రాన్ని అదిలించాను. వెనక్కి చూడటానికి కూడా భయమేసింది. కొంతదూరం పోయాక వెనక ఇనప కుండ మూత టకటకమని కొట్టుకోవడం వినపడింది. గుట్ట ఎక్కేదాకా ఆ చప్పుడు మా వెనకే వచ్చింది. తామ్సిన్ తల తిప్పలేదు. నేనూ తిప్పలేదు.

గుడిసెలో ఆమె పొయ్యి వెలిగించి పులుసు పెట్టింది. మావ వీపు మీది కుండ దించి, పొయ్యికేసి చూసి, కుండని గుమ్మం బయట బోర్లించి దానిమీద కూర్చున్నాడు. మేమిద్దరం తింటున్నాం. ఇంకో గిన్నె నింపి తామ్సిన్ గుమ్మం మధ్యలో పెట్టింది. ఎవరికని చెప్పలేదు. ఈసారి ఆయన దగ్గలేదు.

కాసేపటికి చెయ్యి చాచి గిన్నె అందుకున్నాడు. ఒక చెంచా తాగి, చప్పరించి, కూతురివైపు కాకుండా గుట్టకింద ఊరివైపు చూస్తూ అన్నాడు:

"జనవరిలోది ఇంకాస్త చిక్కగా ఉండేదమ్మా."